పన్ను పీకించుకున్న వారం ఏం తినాలి: మన నెల్లూరు, ఒంగోలు నుంచి అమెరికా వెళ్లిన పిల్లలకి

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది, జ్ఞానదంతం తీయించుకునే వాళ్లు అపాయింట్‌మెంట్ ముందు రోజే సరుకులు తెచ్చి, రెండు మూడు రోజులకి సరిపడా మెత్తటి తిండి వండి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పీకించుకుని వచ్చాక నోట్లో దూది, తల దిమ్ము, దవడ వాపు, ఆ పరిస్థితిలో కారు వేసుకుని షాపుకి పోయి వెతుక్కోవడం అయ్యే పని కాదు, రూమ్మేట్‌ని పంపితే వాడికి ఏం తేవాలో తెలీక ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చి పెడతాడు. నేను డాలస్ వైపు కొన్నేళ్లు ఉండి వచ్చి ఇప్పుడు నెల్లూరులోనే ఉంటున్నా. ఈడ దర్గామిట్టలో, వేదాయపాళెంలో పిల్లలు ఆడ ఎమ్మెస్ చదివే ఇళ్లు బోలెడు, వాళ్ల అమ్మలు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు, "అక్కా, పిల్లోడికి పన్ను పీకారంట, నాలుగు రోజుల నుంచి ఐస్‌క్రీమ్ తిని పడుకుంటున్నాడంట, ఏం చేసుకోమని చెప్పేది" అని. ఆ తల్లుల కోసం, ఆ పిల్లల కోసం రాస్తున్నా ఇది.

ఇంకా విమానం ఎక్కని వాళ్లయితే ముందు ఈడే పళ్లు చూపించుకోండి. నెల్లూరులో చింతారెడ్డిపాలెం నారాయణ డెంటల్ కాలేజీ ఉంది, ఒంగోలులో, కావలిలో ఏ వీధిలో చూసినా డాక్టర్లు ఉన్నారు, ఎక్స్‌రే తీయించి అడ్డంగా పెరిగే జ్ఞానదంతం ఉందేమో, లోపల పుచ్చు ఉందేమో చూపించుకుని, ఏదన్నా ఉంటే ప్రయాణానికి కనీసం నెల ముందే పని ముగించుకోండి. ఆ ఎక్స్‌రే ఫోన్‌లో దాచుకోండి, ఆడ డాక్టర్‌కి చూపిస్తే పనికొస్తది. అమెరికాలో పళ్ల ఇన్సూరెన్స్ వేరేగా ఉంటది, యూనివర్సిటీ వాళ్లు కట్టించుకునే హెల్త్ ఇన్సూరెన్స్‌లో పళ్లు చాలాసార్లు ఉండవు, కాబట్టి పని మొదలుపెట్టకముందే ఎంతవుతదో కాగితం మీద రాసిమ్మని అడగండి, అడగడంలో మొహమాటం ఏం లేదు. డెంటల్ కాలేజీలు ఉన్న ఊళ్లలో చదువుకునే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో తక్కువ ఖర్చుకి చేస్తారు. డాలస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్లది, హ్యూస్టన్‌లో యూటీ హెల్త్ వాళ్లది, మన పిల్లలు ఎక్కువగా ఉండే కాన్సాస్ సిటీలో యూఎంకేసీ వాళ్లది ఉన్నాయి. టైమ్ ఎక్కువ పడతది గానీ పని జాగ్రత్తగా చేస్తారు.

కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మన పడమటి ప్రకాశంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగిన వాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, గార ఉంటాయి. అమెరికాలో చాలా ఊళ్లలో నీళ్లలో ఫ్లోరైడ్ వాళ్లే కలుపుతారు గానీ లీటరుకి 0.7 మిల్లీగ్రాములే, ఫ్లోరైడ్ ఎక్కువైన పళ్లు చాలామంది డాక్టర్లు రోజూ చూసి ఉండరు. అందుకని మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ అని ముందే చెప్పేయండి, ఏది మచ్చ ఏది పుచ్చు అని వాళ్లు జాగ్రత్తగా చూస్తారు. సిగ్గుపడాల్సింది ఏం లేదు నాయనా, అది పళ్లు తోమకపోవడం వల్ల వచ్చింది కాదు, మన భూమిలో నీళ్లు అట్లాంటివి.

సరే, పన్ను తీసిన రోజు సంగతి. నిద్రపోయేలా మత్తు ఇచ్చి తీస్తే వెంట మనిషి ఉండాల్సిందే, ఒంటరిగా పంపరు, ఎవరన్నా ఫ్రెండ్‌ని ముందే మాట్లాడి పెట్టుకోండి. పెదవికి, నాలుకకి తిమ్మిరి పోయేదాకా ఏం తినొద్దు, తెలీకుండా బుగ్గ కొరుక్కుంటారు, వేడిది తాగితే కాలింది కూడా తెలీదు. పన్ను ఉన్న చోట రక్తం గడ్డకట్టి మూతలాగా కూర్చుంటది, ఆ గడ్డని కాపాడుకోవడమే ఆ వారం మొత్తం మీ పని. స్ట్రాతో పీల్చొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, సిగరెట్ ముట్టొద్దు. స్మూతీ అయినా, మజ్జిగయినా స్పూన్‌తోనో గ్లాసుతోనో తాగండి. ఉప్పు నీళ్లు ఒక రోజు గడిచాక మొదలుపెట్టి మెల్లగా నోట్లో తిప్పి వంగి వదిలేయండి, పుక్కిలించి ఉమ్మడం వద్దు.

ఇక తిండి. మొదటి రోజు గోరువెచ్చగానో చల్లగానో ఉండాలి, పొగలు కక్కేది వద్దు. మన ఇళ్లలో జ్వరం వచ్చినోళ్లకి పెట్టే తిండే దీనికి సరిగ్గా సరిపోతది, అదేం చిన్న విషయం కాదు, మన అమ్మమ్మలు జావ, కట్టు, మెత్తటన్నం పెట్టి మనుషుల్ని లేపి కూర్చోబెట్టారు. రాగి జావ దీనికి పెద్ద దిక్కు. రాగి పిండి ఇండియన్ షాపులో దొరుకుతది, సన్నగా జల్లించుకోండి, పొట్టు మిగిలితే పన్ను తీసిన గుంటలో పడతది. రెండు స్పూన్ల పిండి చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలిపి పెట్టుకుని, గ్లాసున్నర నీళ్లు తెర్లేటప్పుడు పోసి, చెయ్యి ఆపకుండా తిప్పుతా ఉంటే పచ్చి వాసన పోయి రంగు ముదిరి గరిటెకి పట్టుకుంటది, అప్పుడు దించండి. ఆడ అపార్ట్‌మెంట్లలో కరెంటు పొయ్యిలు ఎక్కువ, ఆపేసినా చాలాసేపు వేడి ఉంటది, పొయ్యి మీదే వదిలేస్తే అడుగంటుతది, పక్కన పెట్టండి. పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు కలుపుకోండి. మన అలవాటు కొద్దీ ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ మాత్రం వద్దు, అవి నయమయ్యాక.

రెండోది పెసరపప్పు అన్నం. అరకప్పు బియ్యం, పావుకప్పు పెసరపప్పు, మూడు నాలుగు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లోనో మామూలు కుక్కర్‌లోనో బాగా ఎక్కువసేపు ఉడికించి, ఆవిరి దానంతటదే పోయాక పప్పుగుత్తితో మెదపండి, ఒక్క మెతుకు కూడా విడిగా కనపడకూడదు. పప్పుగుత్తి ఒకటి సూట్‌కేసులో వేసుకుని పోండి, ఆడ ఏ గరిటెతోనూ ఆ పని కాదు. బియ్యం మాత్రం మూట కట్టుకుని పోవద్దు, గింజల్ని తినే ఖాప్రా పురుగు భయంతో ఇండియా నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని ఆడ ఒప్పుకోరు, మొలగొలుకుల బియ్యం ఎంత ఇష్టమైనా ఈడే తినేసి పోవాల్సిందే. ఆడ సోనామసూరి ప్రతి ఇండియన్ షాపులో ఉంటది, అది మెత్తగా ఉడుకుతది, బాస్మతి వద్దు, మెతుకు విడివిడిగా నిలబడి గుంటలోకి పోతది.

మన వాళ్లందరూ మర్చిపోయేది తాలింపు సంగతి. పప్పు ఎంత మెత్తగా ఉన్నా అందులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప గింజలు ఉంటే అవి నేరుగా పోయి గుంటలో కూర్చుంటాయి, ఒక్క ఆవగింజ చాలు రాత్రంతా నిద్ర లేకుండా చేయడానికి. అందుకని ఆ వారం తాలింపు లేకుండా, నెయ్యి ఉప్పు మాత్రం వేసుకుని తినండి. చారు కావాలంటే కారం తగ్గించి వడకట్టి తాగండి. నువ్వులు, గసాలు, సబ్జా, స్ట్రాబెర్రీ గింజలు కూడా అదే లెక్క. ఇడ్లీ మూడో రోజు నుంచి బాగుంటది, ఫ్రోజెన్ ఇడ్లీ తెచ్చుకుంటే నీళ్లు చిలకరించి మూతపెట్టి మైక్రోవేవ్ చేయండి, లేకపోతే గట్టిపడతది, దాన్ని వడకట్టిన పప్పుచారులో నానబెట్టి పిండిచేసి తినండి. వేరుశనగ పచ్చడి పలుకులు పలుకులుగా ఉంటది, దానికి కొన్నాళ్లు దూరం.

ఇండియన్ షాపు దూరమైతే మామూలు అమెరికన్ షాపులో కూడా దొరికేవి చాలా ఉన్నాయి, మనకి పేర్లు తెలీవంతే. క్రీమ్ ఆఫ్ వీట్ అని డబ్బా ఉంటది, అది గోధుమ రవ్వే, పాలల్లో ఉడికిస్తే రవ్వ జావ. దక్షిణాది రాష్ట్రాల్లో గ్రిట్స్ అని మొక్కజొన్న రవ్వ ఉంటది, అది సంకటి తినే మన పడమటోళ్లకి బాగా నచ్చుతది, నీళ్లు ఎక్కువ పోసి పలచగా చేసుకోండి. మ్యాష్డ్ పొటాటో పౌడర్ ప్యాకెట్లు వేడి నీళ్లు పోస్తే చాలు, కొన్నిట్లో మాంసం ఫ్లేవర్ ఉంటది, చూసి తీసుకోండి. యాపిల్ సాస్ చక్కెర లేనిది తీసుకోండి. గెనుసుగడ్డ ఆడ లోపల నారింజ రంగులో ఉంటది, ఫోర్క్‌తో నాలుగు పోట్లు పొడిచి మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడతది, పాలు పోసి మెదుపుకుంటే కడుపు నిండుతది. పెరుగు కొనేటప్పుడు ప్లెయిన్ అని రాసి ఉందో లేదో చూడండి, తొందరలో వెనీలా తెచ్చుకుని పెరుగన్నం కలిపితే తినలేరు. గ్రీక్ యోగర్ట్‌లో ప్రొటీన్ ఎక్కువ, దాన్నే నీళ్లు కలిపి చిలికితే చిక్కటి మజ్జిగ.

వారం రోజులు జావలు తాగితే నీరసం వస్తది, అందుకే ప్రొటీన్ గురించి గట్టిగా చెప్తున్నా. గుడ్లు తినేవాళ్లు పాలు కొంచెం కలిపి మెత్తగా గిలకొట్టి వేయించుకోండి. శాకాహారులకి సోయా పాలతో చేసే సిల్కెన్ టోఫు ఉంది, స్పూన్‌తో తీస్తే జున్నులాగా వస్తది. ఎన్ష్యూర్, బూస్ట్ అని తాగే బాటిళ్లు ఉంటాయి, ఆ బూస్ట్ మన పాలల్లో కలుపుకునేది కాదు, వేరే. చైనీస్ హోటళ్లలో కాంజీ, కొరియన్ షాపుల్లో జుక్ అని బియ్యం జావ దొరుకుతది, మాంసం ఉందేమో అడిగి తీసుకోండి. జెల్లో అని అమ్మే జెల్లీ మెత్తగా ఉంటది గానీ అందులో జెలటిన్ జంతువులది, శాకాహారులు తెలుసుకుని తినండి. బీన్స్ మెదిపి డబ్బాల్లో అమ్మేవాటిలో కూడా కొన్నిట్లో పందికొవ్వు ఉంటది, వెజిటేరియన్ అని రాసున్నది తీసుకోండి.

చేపల పులుసు సంగతి చెప్పకపోతే నెల్లూరోళ్లు ఊరుకోరు. మొదటి నాలుగైదు రోజులు వద్దే వద్దు, పులుపు, కారం రెండూ పుండు మీద మండుతాయి, ముల్లు గుచ్చుకుంటే ఇంకా కష్టం. తర్వాత ఆగలేకపోతే ముళ్లు తీసిన టిలాపియా చేప ముక్కలు (ఫిల్లే) తెచ్చి, చింతపండు కారం సగానికి తగ్గించి, తాలింపు లేకుండా చేసుకుని, మెత్తటన్నంలో రెండో వైపు నమిలి తినండి.

మాత్రల విషయంలో దయచేసి జాగ్రత్త. మనం ఈడ నుంచి తీసుకుపోయే డోలో 650, ఆడ దొరికే టైలెనాల్ రెండూ ఒకటే మందు, పారాసెటమాల్, రెండూ కలిపి వేసుకుంటే లివర్‌కి ప్రమాదం. ఆడ్విల్ అంటే బ్రూఫెన్, అది ఖాళీ కడుపుతో వద్దు, ముందు నాలుగు స్పూన్ల జావ తాగి వేసుకోండి, అల్సర్, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. యాంటీబయోటిక్ ఇస్తే నొప్పి తగ్గిందని మధ్యలో ఆపొద్దు.

వాపు రెండో మూడో రోజుకి ఎక్కువై తర్వాత తగ్గుతది, ఇది ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, వీడియో కాల్‌లో ఉబ్బిన బుగ్గ చూసి నెల్లూరులో అమ్మ అన్నం మానేస్తది. కానీ మూడో రోజు నుంచి ఐదో రోజు లోపల నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగి, చెవిలోకి పాకుతా, నోరు వాసన వస్తా ఉంటే అది డ్రై సాకెట్, అంటే ఆ రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందన్నమాట. అప్పుడు ఇంట్లో లవంగం నూరి గుంటలో కుక్కడం, పసుపు అద్దడం చేయొద్దు, డాక్టర్‌కి ఫోన్ చేస్తే వాళ్లే శుభ్రం చేసి మందు పెడతారు, చాలామందికి అదే రోజు నొప్పి దిగుతది. జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, రక్తం ఆగకపోయినా రాత్రయినా సరే ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి.

లండన్ వైపు ఉన్నవాళ్లకి కస్టర్డ్ డబ్బాలు, పాలల్లో నానబెట్టిన వీటాబిక్స్ అనే గోధుమ బిళ్లలు సులువు, పంటి అత్యవసరానికి 111 నంబరుకి చేయండి. ఆస్ట్రేలియాలో స్టూడెంట్ వీసాకి కట్టే మామూలు హెల్త్ కవర్‌లో పళ్లు రావు, వేరేగా తీసుకోవాలి, వెళ్లగానే ఆ పాలసీ కాగితం ఒకసారి చదువుకోండి.