ఇంట్లో వేప్ లిక్విడ్ కలపడం – పాఠం 2: మిల్లీలీటర్లు వేరు, గ్రాములు వేరు

వేప్ (ఈ-సిగరెట్) లిక్విడ్ కలపడం గురించి మొదటి పాఠంలో ఇచ్చిన లెక్క చాలామందికి అడ్డం తిరిగింది. 30 మి.లీ. కలిపితే సీసాలో పాతికే తేలిందని కొందరు, రుచి అనుకున్నదానికంటే ఘాటుగా వచ్చిందని కొందరు, పల్చగా ఉండి ట్యాంకు కారుతోందని ఇంకొందరు రాశారు. మూడూ ఒకే తప్పు నుంచి పుట్టినవి. అందుకే ఈసారి చెప్పాల్సిన స్టీపింగ్ (కలిపాక రుచి కుదిరేదాకా కొన్నాళ్లు ఉంచడం) సంగతి పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

రెసిపీలో శాతాలన్నీ ఘనపరిమాణం లెక్కన ఉంటాయి. మన చేతిలో ఉన్నదేమో తూకం. ఒక మిల్లీలీటరు పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్) 1.036 గ్రాములు తూగుతుంది. అదే ఒక మిల్లీలీటరు వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) అయితే 1.26 గ్రాములు. పీజీ విషయంలో తేడా పట్టించుకోకపోయినా పెద్దగా నష్టం లేదు, వీజీ దగ్గరే కొంప మునుగుతుంది. ఫ్లేవర్లు ఒక్కోటి ఒక్కోలా తూగుతాయి కానీ మి.లీ.కి 1 గ్రాము అనుకుంటే ఇంటి అవసరానికి సరిపోతుంది.

మొన్నటి రెసిపీనే తీసుకుందాం: 30 మి.లీ., వీజీ 70, పీజీ 30, ఫ్లేవర్ 8 శాతం.

ఫ్లేవర్: 2.4 మి.లీ. = 2.40 గ్రా.
పీజీ: 6.6 మి.లీ. = 6.84 గ్రా.
వీజీ: 21 మి.లీ. = 26.46 గ్రా.
మొత్తం: 35.70 గ్రా.

ఇక్కడ వీజీని 21 గ్రాములే తూచారనుకోండి, పడేది 16.67 మి.లీ. మిగతావీ అలాగే మి.లీ. అంకెలనే గ్రాములుగా తూచితే మొత్తం 25.4 మి.లీ. దగ్గర ఆగుతుంది. వీజీ 70 నుంచి 65.5 శాతానికి దిగుతుంది, ఫ్లేవర్ 8 నుంచి 9.4కి ఎక్కుతుంది. మీరు రాసిన ఫిర్యాదులన్నీ ఈ నాలుగు అంకెల్లో ఉన్నాయి.

పీజీ 9 మి.లీ. (30లో 30 శాతం) కాకుండా 6.6 ఎందుకని అడిగినవారూ ఉన్నారు. ఫ్లేవర్లలో ఎక్కువ భాగం పీజీలోనే కరిగి ఉంటాయి కాబట్టి, ఫ్లేవర్ మోతాదును పీజీ వాటాలోంచి తీసేయాలి.

సిరంజిలతో కలుపుతామనేవారితో నాకు పేచీ లేదు గానీ, వీజీ సిరంజి గోడకు అంటుకుంటుంది, బుడగలు పడతాయి, ప్రతి ఫ్లేవర్‌కూ ఇంకో సిరంజి కడుక్కోవాలి. 0.01 గ్రాము వరకు చూపే స్కేలు ఒకటి ఉంటే ఈ గొడవలేవీ ఉండవు. అయితే ఆ స్కేలు కూడా మోసం చేసే చోటు ఒకటుంది. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

చవక స్కేళ్లు సున్నా దగ్గర జరిగే చిన్న మార్పులను తమ లోపం అనుకుని వాటంతటవే సర్దేసుకుంటాయి. సీసా పెట్టి, టేర్ (అంకెను సున్నా చేసే బటన్) నొక్కి, అంకె 0.00 ఉండగా ఫ్లేవర్‌ను ఆగి ఆగి ఒక్కో చుక్కా వేస్తే, మొదటి చుక్కలు లెక్కలోకే రాకపోవచ్చు. తెర మీద 0.40 కనిపించేసరికి సీసాలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే టేర్ నొక్కగానే మొదట రెండు మూడు చుక్కలు గబగబా వేయండి, అంకె కదిలాక నెమ్మదించండి. చివర్లో సీసాను ఎత్తి మళ్లీ పెట్టి చూడండి, అంకె మారితే ఆ తూకాన్ని నమ్మొద్దు. రెండో మోసం, మధ్యలో దానంతటదే ఆగిపోవడం. ఆగి మళ్లీ వెలిగితే పాత టేర్ పోయినట్టే. ఖాళీ సీసా బరువు ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటే ఎక్కడ ఆగినా లెక్క దొరుకుతుంది. ఫ్యాను గాలి తగిలినా అంకె ఊగుతుంది, దాన్ని ఆపేయండి.

ముందు ఫ్లేవర్, తర్వాత పీజీ, చివర వీజీ. చిన్న మోతాదులో జరిగే పొరపాటే పెద్ద తేడా తెస్తుంది కాబట్టి అది మొదట తేలాలి. ఫ్లేవర్ 2.40 బదులు 2.60 పడిందా? తీయలేరు. మిగతా రెండింటినీ అదే నిష్పత్తిలో పెంచేయండి: పీజీ 7.41, వీజీ 28.67. 30 మి.లీ.కి 60 మి.లీ. సీసా వాడమనేది ఇందుకే, పైగా గిలక్కొట్టడానికి లోపల ఖాళీ కావాలి.

వంటకు వాడే ఎసెన్సులు వేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు: నూనె ఉన్నది ఏదీ వేయొద్దు. కడుపులో అరిగే నూనె ఊపిరితిత్తుల్లో అరగదు, లిపాయిడ్ న్యుమోనియా (నూనె వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు) తెస్తుంది. డయాసిటైల్ ఉన్న వెన్న రుచులు, చక్కెర, తేనె కూడా వద్దు.

ఈ పాఠంలోనూ నికోటిన్ లేదు. వద్దన్నా కొందరు వేశారు, వాళ్లు ఈ లెక్క చూడాలి. మి.లీ.కి 100 మి.గ్రా. నికోటిన్ ఉన్న బేస్‌తో (చిక్కటి నికోటిన్ ద్రవంతో) 10 మి.లీ.ని మి.లీ.కి 3 మి.గ్రా. బలానికి తేవాలంటే 0.3 మి.లీ. చాలు. పొరపాటున ఇంకో మిల్లీలీటరు పడితే బలం 11.8 అవుతుంది. పైగా ఆ బేస్ చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. ఆ సీసాను ఎప్పుడూ పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా తాళం వేసి పెట్టండి. చేతి మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగండి. మింగితే ఆసుపత్రికే. ఇదంతా చట్టం ఒప్పుకునే చోట, ఇప్పటికే వేప్ చేస్తున్న పెద్దవాళ్లకే. అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టొద్దు.

అభ్యాసం: ముందు మామూలు నీళ్లతో, డ్రాపర్‌తో 0.40 గ్రాములు వరసగా పదిసార్లు తూచండి. పదింటిలో ఒక్కటి 0.02 కంటే ఎక్కువ తప్పినా మళ్లీ మొదటి నుంచి. అది కుదిరాక ఒకే ఫ్లేవర్‌తో 4, 6, 8 శాతాల్లో మూడు సీసాలు, ఒక్కోటి 10 మి.లీ., వీజీ 70 చొప్పున కలపండి. గ్రాముల లెక్క మీరే కట్టాలి, నేను ఇవ్వను. మూడు సీసాల్లోనూ మొత్తం బరువు 11.9 గ్రాముల దగ్గరే రావాలి. శాతం పెరిగేకొద్దీ బరువూ పెరుగుతూ పోతే, పీజీలోంచి ఫ్లేవర్ తీసేయడం మరిచారన్నమాట.