మడమ సైకిల్ ఫ్రేముకు రాసుకుంటోందా? ముందు క్లీట్ చూడండి

నరసాపురం రేవులో పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో దిగి, అంతర్వేది వైపు తొక్కుతున్నాను. ఎడమ కాలు కింద నుంచి పైకి వచ్చిన ప్రతిసారీ ఏదో గీసుకున్న చప్పుడు. ఇంటికొచ్చి చూస్తే చైన్‌స్టే మీద, అంటే పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసు దాకా వెళ్లే గొట్టం మీద, రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. సముద్రపు గాలి తగిలే చోట అది తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు.

కారణం తేలికగానే దొరికింది. క్లీట్, అంటే బూటు అడుగున బోల్టులతో బిగించి పెడల్‌లో ఇరికించే ముక్క, ఉన్న బూట్లతో పంటు ఇనుప పలకల మీద, రేవు బురదలో నడవడంతో బోల్టు వదులై క్లీట్ పక్కకు తిరిగిపోయింది. మీకూ ఉన్నట్టుండి మొదలైతే ముందు బురద కడిగి బోల్టులు చూడండి. క్లీట్ అరిగిపోయి పెడల్‌లో ఊగుతుంటే మార్చాల్సిందే.

మొదటి నుంచీ రాసుకుంటుంటే ఎక్కడ తగులుతోందో తేల్చుకోవాలి. చైన్‌స్టేకి, క్రాంక్‌కి (పెడల్ బిగించి ఉండే కడ్డీకి) సుద్దముక్క పూసి కాలువ గట్టు మీద ఒక కిలోమీటరు తొక్కండి. బూటుకు అంటిన సుద్దే చోటు చెబుతుంది.

మడమ చైన్‌స్టేకి తగులుతుంటే క్లీట్ కోణం మార్చాలి. చాలామంది తికమకపడేది ఇక్కడే. మడమ బయటికి జరగాలంటే క్లీట్ ముక్కును చిటికెన వేలి వైపు తిప్పాలి. విప్పే ముందు క్లీట్ చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, లేకపోతే పాత చోటు దొరకదు. ఒకసారికి కొంచెమే తిప్పి, తొక్కి చూడండి. షిమానో కంపెనీ రోడ్ క్లీట్లలో పసుపు రంగువి మడమను 6 డిగ్రీలు కదలనిస్తాయి, నీలం 2, ఎరుపు అసలు కదలనివ్వవు. కదలిక ఎక్కువుందని ఎరుపువి కొనెయ్యకండి. మోకాలు నొప్పి మొదలైతే కోణం మీ కాలికి సరిపడలేదన్నమాట, వెనక్కి తిప్పేయండి.

చీలమండ క్రాంక్‌కి తగిలినా, కోణం మార్చితే మోకాలు ఒప్పుకోకపోయినా, క్లీట్‌ను బొటనవేలి వైపు జరపండి. క్లీట్ లోపలికి పోతే పాదం బయటికి వస్తుంది. 1, 2 మిల్లీమీటర్లతోనే తేడా తెలుస్తుంది. అదీ చాలకపోతే పెడల్‌కి, క్రాంక్‌కి మధ్య ఒక పలుచటి వాషర్ వేయొచ్చు. ఒకటి చాలు, ఎక్కువైతే మర పట్టు తగ్గుతుంది. ఇంకా దూరం కావాలంటే షిమానో రోడ్ పెడళ్లలో కొన్ని 4 మిల్లీమీటర్లు పొడవైన ఇరుసుతోనూ వస్తాయి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం పెడితే క్రాంక్ మర పోతుంది.

మామూలు పెడళ్లయితే కాలివేళ్లు కాకుండా బొటనవేలి కింది గుబ్బ పెడల్ మీద ఉండేలా చూసుకోండి. మడమ వెనక్కి పోయి తగలడం తరచూ దీనివల్లే.

చివరగా బోల్టుల మరకు గ్రీజు రాసి 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. ఫ్రేము మీద రంగు పోయిన చోట తుప్పు గీకి, ఆరబెట్టి, రంగు వేసి, పైన పారదర్శకమైన టేపు అంటించండి.