ప్లేస్కూలా, డే కేరా? ముందు గంటలు లెక్కేయండి

ప్లేస్కూలు మూడు నాలుగు గంటలే. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులైతే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బిడ్డ ఎవరి దగ్గరుంటాడన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ప్లేస్కూలు చాలు. లేకపోతే డే కేరే. రెండేళ్లలోపు పిల్లలకు అక్షరాలకన్నా ఎత్తుకుని తినిపించే మనిషి ముఖ్యం.

చాలామంది మరిచేది వేసవి. ప్లేస్కూళ్లకు ఎండాకాలం సెలవులుంటాయి, మీ ఆఫీసుకుండవు. ఆ రోజుల్లో ఎక్కడ ఉంచాలో చేర్చకముందే తేల్చుకోండి.

డే కేర్‌ని ఉదయం పది గంటలకు చూడొద్దు, అప్పుడన్నీ బాగానే కనిపిస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లండి. అన్నం ఎవరు తినిపిస్తున్నారు, ఒక్కో ఆయాకు ఎందరు పిల్లలు, పడుకునే గదికి గాలి ఆడుతోందా చూడండి. బెజవాడ ఎండల్లో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయా అని తప్పక అడగండి. జ్వరమొచ్చిన పిల్లల్ని ఇంటికి పంపే పద్ధతి లేనిచోట మీవాడికీ తరచూ జలుబు, జ్వరం తగులుతాయి.

డే కేర్ ఆఫీసుకెళ్లే దారిలో ఉంటే మేలు. సాయంత్రం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆలస్యానికి అదనపు ఫీజు ఎంతో ముందే కనుక్కోండి.

మూడేళ్లు నిండితే దగ్గర్లోని అంగన్‌వాడీనీ చూడండి. ప్రీస్కూలు, మధ్యాహ్న భోజనం రెండూ ఉచితమే.