వీఎక్స్‌ల్యాన్‌లో కొత్త సర్వర్‌కు జవాబు రానప్పుడు: లీఫ్, స్పైన్ మల్టీకాస్ట్ పాత్రల సమస్య - పరిష్కారం

వీఎక్స్‌ల్యాన్ అంటే మామూలు ఐపీ నెట్‌వర్క్ (అండర్‌లే) మీద సర్వర్ల ఈథర్‌నెట్ ప్యాకెట్లను మోసే పై నెట్‌వర్క్ (ఓవర్‌లే). అందులో సర్వర్లు తగిలేవి లీఫ్ స్విచ్చులు, లీఫ్‌లను కలిపేవి స్పైన్ స్విచ్చులు. ఏఆర్‌పీ అభ్యర్థన (ఒక ఐపీ చిరునామా ఎవరిదని అందరినీ అడిగే ప్యాకెట్) వంటి బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లను మల్టీకాస్ట్ గ్రూప్ ద్వారా పంపే వీఎక్స్‌ల్యాన్ ఓవర్‌లేలో ప్రతి లీఫ్ స్విచ్చుకూ రెండు పాత్రలుంటాయి. తన కింది సర్వర్ల ప్యాకెట్లను సొంత లూప్‌బ్యాక్ (స్విచ్చులోని ఊహా పోర్టు) చిరునామాతో గ్రూప్‌కు పంపేదీ అదే, ఇతర లీఫ్‌లు పంపినవాటిని అందుకునేదీ అదే. ఈ రెండు వైపులనూ కలిపే రాండెవూ పాయింట్, అంటే ఆర్‌పీ పాత్ర, సాధారణంగా స్పైన్‌లకు అప్పగిస్తారు. కాబట్టి ఫిర్యాదు రాగానే కాన్ఫిగరేషన్ అంతా తిరగేయకుండా, ఏ స్విచ్చు ఏ పాత్రలో తప్పిందో ముందు తేల్చుకోవాలి.

లక్షణం: పాత సర్వర్ పింగ్ చేస్తే కొత్త సర్వర్ పలుకుతుంది, కొత్తది ముందుగా పింగ్ చేస్తే జవాబు రాదు.

విశాఖలో మధురవాడ వైపున్న ఒక డేటా సెంటర్‌లో లీఫ్ మార్చిన రాత్రి నాకు ఎదురైనది ఇదే. పాత సర్వర్ నుంచి ఒక్కసారి పింగ్ చేయగానే రెండు వైపులా ఏఆర్‌పీ పట్టికలు నిండి సమస్య తీరిపోయినట్లే కనిపించింది. ఆ నమోదుల గడువు ముగిశాక మళ్లీ మొదటికొచ్చింది. ఆ లీఫ్‌లో "షో ఐపీ ఎమ్‌రూట్" (మల్టీకాస్ట్ దారుల పట్టిక) చూస్తే స్టార్ కామా జీ, అంటే ఏ మూలం నుంచైనా ఆ గ్రూప్‌కు వచ్చేవాటి నమోదు సరిగ్గానే ఉంది: రాక స్పైన్ వైపు పోర్టు నుంచి, పోక వీఎక్స్‌ల్యాన్ ఇంటర్‌ఫేస్ అయిన ఎన్‌వీఈ1కి. అంటే వినే పాత్ర బాగానే ఉంది. లూప్‌బ్యాక్ మూలంగా ఉండాల్సిన ఎస్ కామా జీ (ఫలానా మూలం, ఫలానా గ్రూప్) నమోదు మాత్రం లేదు, ఆర్‌పీ దగ్గర కూడా లేదు. కారణం, కొత్త లీఫ్ లూప్‌బ్యాక్‌పై పిమ్ (మల్టీకాస్ట్ రూటింగ్ ప్రోటోకాల్) స్పార్స్ మోడ్ పెట్టకపోవడం. ఆ ఒక్క వరుస చేర్చగానే రిజిస్టర్ (మూలం ఉందని ఆర్‌పీకి చెప్పే సందేశం) వెళ్లి, కొత్త సర్వర్ అభ్యర్థనలు అన్ని లీఫ్‌లకూ చేరాయి. లీఫ్‌లు సర్వర్ల చిరునామాలను ఒకదానికొకటి చెప్పుకునే ఈవీపీఎన్‌లో ఏఆర్‌పీ సప్రెషన్ ఉంటే స్థానిక లీఫే జవాబిచ్చేస్తుంది కనుక, ఇలాంటి లోపం చాలాకాలం దాగి ఉండగలదు.

లక్షణం: ఒకే లీఫ్‌లో కొన్ని వీఎన్‌ఐలు (వీఎక్స్‌ల్యాన్ నెట్‌వర్క్ నంబర్లు) పనిచేస్తాయి, కొన్ని పనిచేయవు.

ముందుగా ఆ వీఎన్‌ఐకి రెండు చివర్లా ఒకే గ్రూప్ ఉందో లేదో చూడండి, 239.1.1.10 బదులు 239.1.1.100 అని పడితే రెండు వైపులా మౌనమే. గ్రూపులు సరిపోతే, స్పైన్‌లకు వెళ్లే లింకులన్నిటిపైనా పిమ్ పొరుగు కనిపిస్తోందో లేదో చూడాలి. రూటింగ్ ఎంచుకున్న లింకుపై పిమ్ లేకపోతే ఆ గ్రూప్‌కు జాయిన్ (గ్రూప్‌లో చేర్చమని అడిగే సందేశం) బయటికే పోదు.

లక్షణం: కొన్ని లీఫ్ జతల మధ్యే బ్రాడ్‌కాస్ట్ అందదు.

రెండు స్పైన్‌లు ఎనీకాస్ట్ ఆర్‌పీగా ఒకే చిరునామా పంచుకున్నప్పుడు, ఒక దానికి వచ్చిన రిజిస్టర్ సమాచారం రెండోదానికి చేరాలి. ఆర్‌పీ సెట్‌లో (ఆ చిరునామా పంచుకునే స్విచ్చుల జాబితాలో) ఒకరి చిరునామా మరొకరి దగ్గర లేకపోతే, మూలం ఒక స్పైన్‌లోనూ జాయిన్ మరొక స్పైన్‌లోనూ ఆగిపోతాయి. రెండు స్పైన్‌లలోనూ ఇద్దరి సొంత లూప్‌బ్యాక్ చిరునామాలనూ ఆర్‌పీ సెట్‌లో రాయండి.

చిన్న పింగ్ పోయి పెద్ద ప్యాకెట్ పోకపోతే అది మల్టీకాస్ట్ తప్పు కాదు. వీఎక్స్‌ల్యాన్ 50 బైట్లు అదనంగా చేరుస్తుంది కనుక సర్వర్ల ఎమ్‌టీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500 అయితే అండర్‌లే ఎమ్‌టీయూ 1550కి తగ్గకూడదు.