స్క్రాచ్‌లో ఒక్క పండుకి 12 మార్కులు పడుతుంటే

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఏడో తరగతి పిల్లలు స్క్రాచ్‌లో (రంగు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే సాధనం) కట్టిన ఆట: పైనుంచి పడే జీడిపండుని బుట్టతో పట్టాలి, పట్టిన పండుకి 1 మార్కు. కానీ ఒక్క పండుకే 12 పడుతున్నాయి.

స్క్రాచ్ తప్పేం లేదు. ఫరెవర్ (ఆగకుండా తిప్పే బ్లాకు) లోపల 'బుట్టని తాకితే మార్కు' అనే ఇఫ్ సెకనుకి సుమారు 30 సార్లు తిరుగుతుంది. పండు ప్రతిసారీ వై (తెర మీద ఎత్తు) -5 చొప్పున దిగుతూ బుట్ట మీదుగా 60 పిక్సెళ్లు దాటితే, 12 సార్లు తాకినట్టే లెక్క.

పిల్లలు వెంటనే పెట్టేది 'వెయిట్ 1', అంటే ఒక సెకను ఆగమని. పండుని దించే స్క్రిప్టులోనే (బ్లాకుల వరసలోనే) అది ఉంటే పండు గాల్లో ఆగిపోతుంది. దాన్ని తీసేసి, స్కోరు పెంచే బ్లాకు కిందే 'గో టు' పెట్టాలి: ఎక్స్‌కి (అడ్డంగా చోటు) -220 నుంచి 220 లోపు ర్యాండమ్, వైకి 170. పండు పైకి పోతుంది, తాకడం అక్కడితో సరి.

పట్టకుండా వదిలేసిన పండుది ఇంకో గొడవ. 'వై -200 కన్నా తక్కువైతే పైకి పంపు' అని రాస్తే అది అడుగునే అతుక్కుపోతుంది. స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) పూర్తిగా తెర దాటకుండా స్క్రాచే ఆపుతుంది కాబట్టి, 60 పిక్సెళ్ల పండు -195 దగ్గరే నిలుస్తుంది. -170 రాయండి.

ఇక్కడ సగం మంది బ్లాకుల్ని ఒడియాలో పెట్టుకుంటారు, మిగతావాళ్లు ఇంగ్లీషులో. పేర్లతో చెప్తే గందరగోళమే. తాకిందా అని చూసే బ్లాకుని 'నారింజ ఇఫ్‌లో లేత నీలం బ్లాకు' అంటే అందరికీ అందుతుంది, రంగులు మారవుగా.

ఆట ఉన్నట్టుండి పిచ్చి వేగంతో పరిగెడితే, ఎవరో షిఫ్ట్ నొక్కి పచ్చజెండా క్లిక్ చేసినట్టే. అది టర్బో మోడ్. మళ్లీ అలాగే చేస్తే పోతుంది.