అడిగిన లెక్క చేతికి రావడం లేదా? సమస్యలు, పరిష్కారాలు

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లలో ఏ బోరు నీళ్లు తాగవచ్చో ఒక అంకె తేలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. నమూనా తీసేది సర్కారు, పరీక్షించేది సర్కారు, ఖర్చు మన పన్నులది. ఫలితం మాత్రం బీరువాలో ఉంటుంది. నేను తిరిగిన ఆఫీసుల్లో 'ఇవ్వం' అని మొహం మీద చెప్పినవారు తక్కువే. ఇచ్చీ ఇవ్వనట్టు ఇచ్చేవారే ఎక్కువ. అందుకే సమాచార హక్కు చట్టం కింద ఇలాంటి లెక్కలు అడిగేవారికి ఈ చిట్టా. కింద చెప్పిన సెక్షన్లన్నీ ఆ చట్టంలోవే.

సమస్య: "మీరు కోరిన సమాచారం మా వద్ద లేదు" అని జవాబు వచ్చింది.

చాలాసార్లు తప్పు మన దరఖాస్తులోనే ఉంటుంది. నా మొదటి దరఖాస్తు రెండు పేజీల ఆవేదన. "మా ఊరి నీళ్లను ఎందుకు పట్టించుకోవడం లేదు?" అని అడిగాను. అది ప్రశ్న, రికార్డు కాదు. ఉన్న రికార్డు ఇస్తే చాలు, లేనిదాన్ని తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది.

ఇలా రాయండి: "2023 జనవరి నుంచి 2024 డిసెంబరు వరకు మర్రిగూడ మండలంలో తీసిన నీటి నమూనాల పరీక్ష ఫలితాలు. గ్రామం, బోరు ఉన్న చోటు, నమూనా తీసిన తేదీ, ఫ్లోరైడ్ మోతాదు." కారణం చెప్పనక్కర్లేదు, 6(2) సెక్షన్ ఆ మాటే అంటుంది. రికార్డు పేరు తెలియకపోతే ముందు ఒకసారి ఆఫీసుకు వెళ్లి రిజిస్టరు అట్ట మీద ఏం రాసి ఉందో చూసి రండి. ఆ ఒక్క చూపు పది దరఖాస్తుల పెట్టు. రికార్డు వేరే శాఖ దగ్గర ఉంటే, మీ దరఖాస్తును 5 రోజుల్లో అక్కడికి పంపే బాధ్యత వాళ్లదే.

సమస్య: జవాబు ఇవ్వాల్సిన 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు.

ఎదురుచూడకండి. గడువు ముగిసిన 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి డబ్బు తీసుకోకూడదు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచకపోతే ఇవేవీ పనిచేయవు.

సమస్య: లెక్క వచ్చింది, కానీ జెరాక్సు కట్టగా వచ్చింది.

అసలు తగవు ఇక్కడే. నాకు ఒకసారి బియ్యం సంచిలో పట్టేంత కట్ట ఇచ్చారు, అదీ పేజీకి 2 రూపాయల చొప్పున కట్టించుకుని. గడులు, గీతలు చూస్తే కంప్యూటర్‌లోంచి తీసిన ప్రింటని పసిపిల్లలకైనా తెలుస్తుంది. ఫైలును కాగితం చేసి, ఆ కాగితాన్ని మళ్లీ నాచేత ఫైలు చేయించారు. వేసవి సెలవులన్నీ ఆ టైపింగుకే సరిపోయాయి.

కారణం: దరఖాస్తులో ఏ రూపంలో కావాలో నేను రాయలేదు. "ఎక్సెల్ ఫైలుగా, పెన్‌డ్రైవ్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ ఇవ్వగలరు" అన్న వాక్యం మొదటి దరఖాస్తులోనే ఉండాలి. కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు 2(జె)లో ఉంది. అడిగిన రూపంలోనే ఇవ్వాలని 7(9) చెబుతుంది. అయితే అదే సెక్షన్ రెండో సగంలో, వనరులు అతిగా ఖర్చయ్యే పక్షంలో ఆ రూపం అక్కర్లేదన్న మినహాయింపూ ఉంది. అధికారులకు కంఠస్థమైన సగం అది. ఉన్న ఫైలు పంపడం జెరాక్సు కన్నా చవకని అప్పీలులో రాయండి. ఆ మినహాయింపు రూపం మార్చడానికే తప్ప సమాచారం ఎగ్గొట్టడానికి కాదు.

సమస్య: ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా ఉన్నాయి.

యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర ప్రమాణం) కాని పాత ఫాంటులో టైపు చేశారు. ఫాంటు పేరు అడిగి తెలుసుకుని కన్వర్టర్‌తో మార్చుకోండి. తర్వాత ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ కళ్లతో సరిచూడాలి.

సమస్య: పాత లెక్కకూ కొత్త లెక్కకూ పొంతన లేదు.

కంగారు పడకండి, జిల్లాలే మారాయి. 2011 జనగణనలో నల్లగొండ జనాభా 34.88 లక్షలు. అందులో నేటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కూడా ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల 2016లో విడివడ్డాయి, నారాయణపేట 2019లో. జిల్లా మొత్తాలను పోల్చకుండా గ్రామాల లెక్క తీసుకుని మీరే కలుపుకోండి. ఊరి పేరును నమ్ముకోవద్దు, ఒకే ఊరిని ఆంగ్లంలో మూడు రకాలుగా రాస్తారు. కేంద్రం ప్రతి గ్రామానికీ ఇచ్చిన కోడ్ నంబరుతో జతచేయండి.

సమస్య: "వ్యక్తిగత సమాచారం" అని తిరస్కరించారు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఈ మినహాయింపును మరింత వెడల్పు చేసింది. అయినా బోరుకు వ్యక్తిగత జీవితం ఉండదు. యజమాని పేరున్న గడి తీసేసి ఇమ్మని మీరే రాయండి. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2)నూ ప్రస్తావించండి.

సమస్య: ఏటా అదే లెక్క, అదే దరఖాస్తు, అదే తిరుగుడు.

మన కాపీ మనకు వస్తే చాలనుకోవడమే దీనికి మూలం. అడగకముందే వీలైనంత సమాచారం బయటపెట్టాలని 4(2) సెక్షన్ అంటుంది. తెలంగాణకు 2016 నుంచి ఓపెన్ డేటా విధానమూ ఉంది. కాబట్టి రెండో అప్పీలులో ఒక కోరిక అదనంగా చేర్చండి: ఈ ఫలితాలను క్రమం తప్పకుండా ప్రచురించేలా ఆదేశించమని. 19(8) కింద కమిషన్‌కు ఆ అధికారం ఉంది. దానికి గ్రామసభ తీర్మానం జతచేస్తే బరువు పెరుగుతుంది. పాలమూరు కూలీలకు ఇది కొత్త కాదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్ రోల్‌ను, అంటే కూలీల హాజరు పట్టీని, ఊరందరి ముందు చదివించుకున్నవారు వాళ్లు.

ఫైలు వచ్చాక పంచాయతీ గోడ మీద బోరు వారీగా రాయించండి, 1.5 దాటినవి ఎర్ర రంగులో. పక్కనే నమూనా తీసిన తేదీ ఉండాలి, ఎండాకాలం అంకె వానాకాలానికి అలాగే ఉండదు.