కంబాట్ ఫ్లైట్ సిమ్‌లో శబ్దం, చూపు, ఎఫెక్ట్‌లు: సమస్యలు - పరిష్కారాలు

యుద్ధ విమానం నడిపే కంప్యూటర్ ఆటలో (సిమ్‌లో) ఇంజిన్ మోత వినపడకపోయినా, శత్రు విమానం కంటికి ఆనకపోయినా, పొగ బదులు నల్ల చదరాలు తేలినా తప్పు చాలావరకు ఐదు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది: విండోస్, సిమ్ మెనూ, సెట్టింగుల ఫైలు, మాడ్ (ఆటగాళ్లు తయారు చేసి పంచుకునే అదనపు ఫైళ్లు), లేదా మిషన్‌ను (ఆడే పోరు సన్నివేశాన్ని) నడిపే సర్వర్. ఏ చోటో తేల్చుకోకుండా స్లైడర్లు కదిపితే పాత సమస్య పోదు, పైగా కొత్తది వచ్చి చేరుతుంది. అందుకే ముందు చిన్న పరీక్ష మిషన్ ఒకటి తయారు చేసుకోండి. మీ విమానం గాలిలో, పది కిలోమీటర్ల ముందు ఒక శత్రు విమానం, కింద నాలుగు ట్రక్కులు, ఒక పొగ స్తంభం, మధ్యాహ్నపు వెలుగు ఉంటే సరిపోతుంది. ప్రతి మార్పునూ ఇందులోనే చూడాలి, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

డీసీఎస్ వరల్డ్ అనే సిమ్‌లో మీ సెట్టింగులు సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డర్‌లో, కాన్ఫిగ్ లోపల ఆప్షన్స్.లువా అనే ఫైల్లో ఉంటాయి. అనుమానం వస్తే కాన్ఫిగ్ మొత్తాన్ని తీసేయకండి. జాయ్‌స్టిక్, కీబోర్డు కేటాయింపులన్నీ అందులోని ఇన్‌పుట్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, అవీ పోతాయి. ఆప్షన్స్.లువా ఒక్కదాని పేరు మార్చి సిమ్ తెరిస్తే అది కొత్త ఫైలు రాసుకుంటుంది. అప్పుడు సమస్య పోయిందంటే తప్పు సెట్టింగులదే. పోకపోతే పాత ఫైలును తిరిగి పెట్టేసి, మాడ్‌ల వైపు చూడండి. ఏ సిమ్‌లోనైనా సెట్టింగుల ఫైలును సిమ్ మూసి ఉన్నప్పుడే దిద్దాలి. తెరిచి ఉండగా దిద్దితే, మెనూలో ఓకే నొక్కగానే లేదా సిమ్ మూయగానే మీరు రాసినదాని మీద పాత విలువలు పడిపోతాయి. "ఫైలు మార్చినా ఏమీ మారలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

శబ్దం

లక్షణం: ఇంజిన్ వినిపిస్తుంది, రేడియో మాటలు వినపడవు.
డీసీఎస్‌లో ప్రధాన శబ్దాల పరికరం వేరు, హెడ్‌ఫోన్ పరికరం వేరు. రేడియో, హెచ్చరిక మోతలు రెండోదానికి వెళ్తాయి. ఆడియో ట్యాబ్‌లో హెడ్‌ఫోన్ పరికరంగా మానిటర్ స్పీకరో, ఇప్పుడు ప్లగ్ తీసేసిన పాత హెడ్‌సెట్టో మిగిలి ఉంటే ఆ సగం శబ్దం ఎటో పోతుంది. రెండుచోట్లా ఒకే పరికరాన్ని ఎంచుకుని సిమ్‌ను మూసి తెరవండి. హెడ్‌సెట్‌ను సిమ్ తెరవకముందే తగిలించాలి.

లక్షణం: క్షిపణి లాక్ మోత లేదా రాడార్ హెచ్చరిక మాత్రమే వినపడదు.
ఇది మెనూ సమస్య కాదు, కాక్‌పిట్‌లోని నాబ్ తగ్గి ఉంది. ఎఫ్/ఎ-18సీలో వాల్యూమ్ ప్యానెల్ మీద డబ్ల్యూపీఎన్ అని రాసిన నాబ్ సైడ్‌వైండర్ క్షిపణి మోతకు, ఆర్‌డబ్ల్యూఆర్ నాబ్ రాడార్ హెచ్చరికకు. ఎఫ్-16సీలో ఆడియో 1 ప్యానెల్ మీద ఎంఎస్ఎల్, థ్రెట్ నాబ్‌లు అదే పని చేస్తాయి. విమానాన్ని అన్నీ ఆపి ఉన్న స్థితి నుంచి స్టార్ట్ చేసినప్పుడు వీటిని మరిచిపోవడం మామూలే. మెనూలో వాల్యూమ్ పెంచి చెవులు పగలగొట్టుకునే ముందు నాబ్ చూడండి.

లక్షణం: స్నేహితుడు వాయిస్ చాట్‌లో మాట్లాడగానే సిమ్ శబ్దం పడిపోతుంది.
ఇది విండోస్ పని. కాల్ నడుస్తోందని అనుకుని మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించడం దాని మామూలు సెట్టింగ్. కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో "డూ నథింగ్" ఎంచుకోండి. బ్లూటూత్ హెడ్‌సెట్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మైక్ ఆన్ కాగానే హెడ్‌సెట్ హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారి శబ్దం ఫోన్ కాల్ లాగా పలచబడుతుంది, కుడి ఎడమల తేడా పోతుంది. దానికి సిమ్‌లో మందు లేదు. మైక్‌ను వేరే యూఎస్‌బీ పరికరానికి మార్చుకోవాలి, లేదా వైరున్న హెడ్‌సెట్ పెట్టుకోవాలి.

లక్షణం: అంతా దుప్పటి కప్పినట్టు మందంగా వినిపిస్తుంది.
హెల్మెట్‌లో విన్నట్టు వినిపించే ఆప్షన్ ఆన్‌లో ఉంది. అది లోపం కాదు, నిజానికి దగ్గరగా ఉండేది అదే. నచ్చకపోతే తీసేయండి. తీసేశాక ఇంజిన్ మోత బాగా పెరుగుతుంది కాబట్టి కాక్‌పిట్ స్లైడర్‌ను కాస్త తగ్గించాల్సి వస్తుంది.

లక్షణం: చిటపటలు, తెగిపోతున్న శబ్దం.
ముందు విండోస్‌లో ఆ పరికరాన్ని 48,000 హెర్ట్జ్‌కు, 16 లేదా 24 బిట్‌కు మార్చండి. స్పేషియల్ సౌండ్, హెడ్‌సెట్‌తో వచ్చిన వర్చువల్ సరౌండ్, ఎన్‌హాన్స్‌మెంట్‌లు అన్నీ ఆపేయండి. సిమ్ తానే దిశను లెక్కగట్టి పంపుతుంది. దాని మీద ఇంకో సరౌండ్ వేస్తే శత్రువు ఏ పక్కనుంచి వస్తున్నాడో చెవికి తెలియదు. యూఎస్‌బీ హెడ్‌సెట్‌ను హబ్ నుంచి తీసి కంప్యూటర్‌కే నేరుగా తగిలించండి. చిటపటలు పెద్ద పోరు జరిగేటప్పుడు మాత్రమే వస్తే ప్రాసెసర్‌కు ఊపిరాడట్లేదని అర్థం. ఆడియో సెట్టింగులతో కుస్తీ మానేసి మిషన్‌లో యూనిట్ల సంఖ్య తగ్గించి చూడండి.

ఐఎల్-2 స్టర్మోవిక్ 1946 అనే పాత సిమ్ నడిపేవాళ్లకు: విండోస్ విస్టా నుంచి డైరెక్ట్‌సౌండ్ హార్డ్‌వేర్ సాయం తీసేశారు. శబ్దం రాకపోయినా, గరగరమన్నా కాన్ఫ్.ఐఎన్ఐ ఫైల్లో సౌండ్ విభాగంలోని సౌండ్‌ఫ్లాగ్స్.హార్డ్‌వేర్ విలువ 0 అయి ఉండాలి.

లక్షణం: శబ్దాల మాడ్ వేశాక తుపాకి మోత తల మధ్యలోనే వినిపిస్తుంది, లేదా ఇంజిన్ మోతలో ప్రతి రెండు సెకన్లకూ ఒక "టక్".
మొదటిదానికి కారణం స్టీరియో ఫైలు. దూరం, దిశ లెక్కగట్టాల్సిన శబ్దం మోనోలో ఉండాలి. స్టీరియో ఫైలును చాలా సిమ్‌ల శబ్ద వ్యవస్థలు ఎక్కడా నిలబెట్టకుండా ఉన్నదున్నట్టు వాయిస్తాయి. రెండోది లూప్ (ఆగకుండా తిరిగి తిరిగి వాయించే ఫైలు) అతుకు. ఫైలు మొదలు, చివర రెండూ తరంగం సున్నా గీతను దాటే చోటే కత్తిరించాలి. ఎంపీ3 నుంచి మార్చిన ఫైలైతే ఆ ఫార్మాట్ అంచుల్లో కొద్దిపాటి నిశ్శబ్దాన్ని జోడించి ఉంటుంది, దాన్ని కోసేసి వేవ్‌గా సేవ్ చేయండి. గరిష్ఠ స్థాయిని మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర ఆపండి. నాలుగు ఫిరంగులు ఒక్కసారి పేలితే పైన ఆ ఖాళీ కావాలి. డీసీఎస్‌లో శబ్దం హెచ్చుతగ్గులకు వేవ్ ఫైలును ముట్టుకోవక్కర్లేదు. దానికి జతగా ఉండే ఎస్‌డెఫ్ అనే అక్షరాల ఫైల్లో గెయిన్ విలువ ఉంటుంది. 1 ఉన్నచోట 0.5 రాస్తే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

దూరపు పేలుడు ఆలస్యంగా వినపడితే దేన్నీ బాగుచేయకండి. నేలమట్టంలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 3.4 కిలోమీటర్ల దూరంలో బాంబు పడితే పది సెకన్ల తర్వాత వినపడటమే సరైనది.

చూపు

అన్నిటికంటే ఎక్కువ తల బొప్పి కట్టించేది ఇదే: "అతను నన్ను చూస్తున్నాడు, నాకు అతను కనపడట్లేదు." సెట్టింగుల జోలికి పోయే ముందు ఒక లెక్క. రెక్కల పొడవు 10 మీటర్లున్న విమానం 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర, 90 డిగ్రీల చూపు కోణం. తెర మధ్యలో ఆ విమానం సుమారు రెండు పిక్సెళ్లే. అదే కోణాన్ని జూమ్‌తో 30 డిగ్రీలకు తగ్గిస్తే ఏడు పిక్సెళ్లవుతుంది. 3840 వెడల్పున్న తెర మీద 90 డిగ్రీల్లోనే నాలుగు. అది కూడా రెక్కలు అడ్డంగా కనిపిస్తేనే. ఎదురుగా వస్తుంటే రెక్క మందం పిక్సెల్‌లో ఓ వంతు కూడా ఉండదు. కాబట్టి మొదటి పరిష్కారం గ్రాఫిక్స్ మెనూలో లేదు, జూమ్‌ను థ్రాటిల్ మీది ఒక యాక్సిస్‌కు కేటాయించడంలో ఉంది. వెడల్పు కోణంలో చుట్టూ చూడటం, అనుమానం ఉన్న ముక్కను జూమ్ చేయడం. ఇది చేతికి అలవాటు కాకుండా మిగతావి ఎన్ని చేసినా పెద్ద లాభం లేదు.

లక్షణం: దూరపు చుక్క మసకగా ఉంటుంది, కదిలితే వెనక తోక లాగా నీడ ఈడుస్తుంది.
కారణం డీఎల్ఎస్ఎస్ లాంటి అప్‌స్కేలింగ్, అంటే చిన్నగా గీసి పెద్దది చేసి చూపడం. క్వాలిటీ స్థాయిలో కూడా అది ఒక్కో వైపు మూడింట రెండు వంతుల రిజల్యూషన్‌లోనే బొమ్మ గీస్తుంది. 2560 × 1440 తెరకు అసలు గీసేది సుమారు 1707 × 960. రెండు పిక్సెళ్ల విమానంలో మిగిలేది ఎంత? పైగా పాత ఫ్రేములను (తెర మీద వరసగా గీసే బొమ్మలను) కలిపి కొత్తదాన్ని నింపుతుంది కాబట్టి వేగంగా కదిలే చిన్న వస్తువు వెనక చార మిగులుతుంది. కాక్‌పిట్ తెరల మీద మారే అంకెలు ఒకదాని మీద ఒకటి పడటానికీ కారణం ఇదే. ఫ్రేములు సరిపోతే డీఎల్ఏఏకి మారండి. అది పూర్తి రిజల్యూషన్‌లో గీస్తుంది, చార తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. గాలి పోరుకే ఎక్కువ ఆడేవాళ్లకు మా సలహా అంచులను నునుపు చేసే ఎంఎస్ఏఏ పద్ధతి, 2ఎక్స్ స్థాయిలో. అంచులు కాస్త రంపంలా ఉంటాయి, చుక్క మాత్రం చుక్కలాగే ఉంటుంది. మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, లెన్స్ ఎఫెక్ట్‌లు ఆపేయండి. అవి వీడియోలకు అందం, పోరులో అడ్డం.

లక్షణం: విమానం దూరాన కనిపించి, దగ్గరికి వచ్చేకొద్దీ మాయమై, మళ్లీ ప్రత్యక్షమవుతుంది.
దూరంలో సిమ్ గీసేది ఒక చుక్కను, దగ్గర్లో అసలు మోడల్‌ను. ఒకటి ఆగి రెండోది మొదలయ్యే దూరంలో మోడల్ ఇంకా రెండు మూడు పిక్సెళ్లే కావడంతో నేల రంగులో కలిసిపోతుంది. మాయమైన చోటునే జూమ్ చేసి పట్టుకోవాలి. పదును పెంచే షార్పెనింగ్‌ను కొద్దిగా వాడితే సాయం చేస్తుంది, ఎక్కువ పెడితే ప్రతి చెట్టూ విమానంలా మెరుస్తుంది.

లక్షణం: తెర అంతా పాలిపోయింది, లేదా నీడలో పరికరాలు చదవలేం.
గామా (తెర వెలుగునీడల స్థాయి) విలువను కళ్లతో కాకుండా పరీక్ష మిషన్‌తో కుదర్చండి. సూర్యుడు వెనక ఉండగా కాక్‌పిట్ నీడపక్క అంకెలు అతికష్టం మీద చదవగలగాలి, తెల్లని మేఘంలో మడతలు కనిపించాలి. రెండూ జరిగే చోటు సాధారణంగా 1.8, 2.2 మధ్య దొరుకుతుంది. విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే దాన్ని ఆపి మళ్లీ చూడండి.

నేల మీది వాహనాలు దగ్గరికి వెళ్తేగానీ కనపడకపోతే విజిబిలిటీ రేంజ్‌ను ఒక మెట్టు పైకి జరపండి. భారం ప్రాసెసర్, గ్రాఫిక్స్ మెమరీ రెండిటి మీదా పడుతుంది. పేర్ల లేబుళ్లు ఎడమ షిఫ్ట్, ఎఫ్10 నొక్కినా రాకపోతే మిషన్ రాసినవాళ్లు వాటిని బిగించారు. మీ ఆప్షన్ల పేజీకి అక్కడ చెల్లుబాటు లేదు.

ఎఫెక్ట్‌లు

లక్షణం: పొగలోకి దూరగానే ఫ్రేములు సగానికి పడిపోతాయి.
పొగ అంటే ఒకదాని వెనక ఒకటి పేర్చిన డజన్లకొద్దీ పారదర్శక పలకలు. ప్రతి పిక్సెల్‌నూ గ్రాఫిక్స్ కార్డు అన్నిసార్లు గీయాలి. నిర్ధారణకు ఆ పొగలోనే ఉండి రిజల్యూషన్ తగ్గించండి. ఫ్రేములు ఎగబాకితే కార్డు మీద భారం: ఎంఎస్ఏఏ ఒక మెట్టు దించండి, హీట్ బ్లర్ ఆపండి, డీసీఎస్‌లో పొగగొట్టాల పొగ సాంద్రతను 0 చేయండి. కదలిక లేకపోతే భారం ప్రాసెసర్‌ది, పొగకు సంబంధం లేదు. తల తిప్పినప్పుడు మాత్రమే తడబడితే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ డెడికేటెడ్ మెమరీ చూడండి. నిండిపోయి ఉంటే నేల టెక్స్‌చర్లను ఒక స్థాయి దించాలి.

లక్షణం: మాడ్ వేశాక పేలుడు చుట్టూ నల్లని లేదా తెల్లని చదరం.
టెక్స్‌చర్‌ను (పలక మీద అంటించే బొమ్మను) తప్పు పద్ధతిలో సేవ్ చేశారు. డీఎక్స్‌టీ1 అనే ఫార్మాట్‌లో పారదర్శకతకు ఒక్క బిట్టే, అంటే ఉంటే ఉంది, లేకపోతే లేదు. పొగ అంచు పలచబడాలంటే డీఎక్స్‌టీ5 కావాలి, అందులో పారదర్శకత మెట్లు మెట్లుగా మారగలదు. మిప్‌మ్యాప్‌లతో (దూరానికి వాడే చిన్న నకళ్లతో) సహా సేవ్ చేయండి, లేకపోతే దూరాన మిలమిలలాడుతుంది. కొలతలు 4తో భాగించబడాలి. ఇంకొకటి: పేలుడు బొమ్మ తరచుగా ఒకే షీట్‌లో వరసగా పేర్చిన ఫ్రేములు. 2048 పిక్సెళ్ల షీట్‌లో 8 × 8 ఉంటే ఒక్కోటి 256. పరిమాణం మార్చినా ఆ గడుల లెక్క చెదరకూడదు. చెదిరితే పేలుడు పక్కకు దూకుతూ కనిపిస్తుంది.

లక్షణం: డ్రైవర్ లేదా సిమ్ అప్‌డేట్ తర్వాత రంగులు చెదిరాయి, నీళ్లు మెరిసిపోతున్నాయి.
సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డర్‌లో ఎఫ్ఎక్స్ఓ, మెటాషేడర్స్2 అనే రెండు ఫోల్డర్లను సిమ్ మూసి ఉన్నప్పుడు తొలగించండి. అవి పాత షేడర్ల (వెలుగు, రంగులను లెక్కగట్టే చిన్న ప్రోగ్రాముల) నిల్వ. మొదటిసారి మిషన్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపేయకండి.

లక్షణం: ఒంటరిగా ఆడితే అన్నీ బాగున్నాయి, సర్వర్‌లోకి రానివ్వట్లేదు.
సిమ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోని ఫైలు మారింది, ఫైళ్లు అసలువేనా అని చూసే ఇంటిగ్రిటీ చెక్ పట్టుకుంది. చేతితో కాపీ చేసినవాటిని వెనక్కి తీయడం నరకం. అందుకే జేఎస్‌జీఎంఈ, ఓవీజీఎంఈ లాంటి మాడ్ మేనేజర్‌తోనే వేయండి, అది అసలు ఫైలును దాచి పెడుతుంది. మాడ్ సేవ్డ్ గేమ్స్‌లో పని చేస్తే అక్కడే పెట్టండి. అప్‌డేట్ వచ్చినప్పుడు వరుస ఇది: మాడ్‌లన్నీ ఆపడం, అప్‌డేట్, మాడ్ లేకుండా పరీక్ష మిషన్, తర్వాత ఒక్కోటీ తిరిగి వేయడం. అప్‌డేట్ అయిపోయాక మాడ్ ఆపితే మేనేజర్ దాచిన పాత వెర్షన్ ఫైలు కొత్తదాని మీద పడుతుంది, అప్పుడు డీసీఎస్ రిపేర్ నడపడం తప్ప దారి లేదు.